గజ్జెలు పక్కన పెట్టిన రోజుల్లో: గాయపడిన బాల నర్తకుల మనసుకు అండగా నిలవడం ఎలా?

నల్లగొండలో నా నాట్య తరగతి జరిగే గదిలో నేలంతా తాండూరు బండలే. ఆ బండల మీద ఒక సాయంత్రం రెండో కాలంలో, అంటే రెండింతల వేగంలో, అడుగులు వేస్తున్న పదమూడేళ్ల అమ్మాయి ఎడమ కాలిని ఆనించీ ఆనించనట్టు వేయడం నా కంట పడింది. "ఏమైంది బిడ్డా?" అని అడిగితే "ఏం లే మేడం" అన్నది. "ఇంతదానికే కూర్చుంటే శివరాత్రి ప్రోగ్రాం ఎట్ల చేస్తవ్?" అని నేనూ ఒక మాట విసిరి తాళం కొనసాగించాను. మూడు వారాల తర్వాత ఆమె పాదంలోని ఎముకకు సన్నని పగులు ఉన్నదని తేలింది. ఎముక రెండు నెలల్లో అతుక్కుంది. ఆమె నాతో మళ్లీ మనసు విప్పి మాట్లాడడానికి మాత్రం ఏడాది పట్టింది.

ఆ తప్పు నేర్పిన సంగతులనే ఇక్కడ క్రమంగా రాస్తున్నాను. ఎనిమిది నుంచి పదిహేడేళ్ల లోపు పిల్లలకు కూచిపూడి, భరతనాట్యం, పేరిణి నేర్పే గురువులూ, ఆ పిల్లల తల్లిదండ్రులూ దీన్ని కలిసి చదివితే మేలు. ఎముకకూ కీలుకూ చేయవలసిన వైద్యం వైద్యులదే. ఇక్కడి విషయం పిల్లల మనసు. మెట్లు ఎన్ని చెప్పినా వాటన్నిటికీ ఆధారం రెండు విషయాలు. కాలు విశ్రాంతిలో ఉన్నంత మాత్రాన పిల్ల నాట్యానికి బయట ఉండిపోకూడదు. నొప్పి ఉన్నదని చెప్పినందుకు ఆ పిల్ల ఏదీ పోగొట్టుకోకూడదు.

మొదటి మెట్టు: గాయమైన గంటలో ఏం అనాలి, ఏం అనకూడదు

కాలు మడతపడి పిల్ల కూలబడగానే మన నోటి నుంచి వచ్చే మొదటి మాట "ఏం కాలేదు, లే". ఆ మాటలో ప్రేమే ఉన్నా, నొప్పితో ఉన్న పిల్లకు అది "నువ్వు చెప్పేది నేను నమ్మడం లేదు" అన్నట్టు వినిపిస్తుంది. దానికి బదులు ఆట ఆపి, పక్కన కూర్చుని, "ఎక్కడ నొస్తున్నది, వేలు పెట్టి చూపించు" అనండి. కాలిని కొంచెం ఎత్తులో పెట్టి, గుడ్డలో చుట్టిన ఐసును పదిహేను ఇరవై నిమిషాలు ఉంచండి. నాలుగు అడుగులు కూడా వేయలేకపోతున్నా, ఎముక మీద ఒకేచోట నొక్కితే ఓర్వలేకపోతున్నా ఎక్స్‌రే తీయించే దాకా నూనె మర్దన గానీ పసరు కట్టు గానీ వద్దు. పెద్దలు కంగారు పడకుండా ఒక వరుసలో ఈ పనులు చేసుకుపోతూ ఉంటే, చూస్తున్న పిల్లకు సగం భయం తగ్గుతుంది.

ఆ గంటలో "రెండు రోజుల్లో తగ్గిపోతుంది", "ప్రోగ్రాం నాటికి లేచి ఆడతవ్" వంటి హామీలు ఇవ్వకండి. తేదీ తప్పితే పిల్లకు మీ తర్వాతి మాటల మీదా నమ్మకం పోతుంది. "ఎట్ల పడ్డవ్, చూసుకోవద్దా?" అన్న ప్రశ్న కూడా ఆ రోజుకు వద్దు. ఇక ఇంటికి వెళ్లాక నాయనమ్మ ఉప్పూ మిరపకాయలూ తిప్పి దిష్టి తీస్తానంటే నేను ఎన్నడూ అడ్డు చెప్పలేదు. ఆ రెండు నిమిషాలు ఇంటిల్లిపాదీ పిల్ల చుట్టూ నిలబడతారు, అది మంచిదే. అయితే "బాగా ఆడుతుందని అందరూ పొగిడిన్రు, అందుకే ఇట్లయింది" అనే మాట మటుకు పిల్ల చెవిన పడనీయకండి. బాగా ఆడడమే తాను చేసిన తప్పన్న భావం పసి మనసులో సులువుగా నాటుకుంటుంది.

రెండో మెట్టు: డాక్టర్ గదిలో పిల్లనూ మాట్లాడనివ్వడం

మన జిల్లాల్లో ఎముకల డాక్టరు దగ్గరికి వచ్చేది ఎక్కువగా బండి మీద నుంచి పడ్డవాళ్లూ, పొలం పనిలో నడుము పట్టేసినవాళ్లూ. నాట్యం అంటే కాలి మీద ఎంత భారం పడుతుందో ఆ డాక్టరుకు తెలిసే అవకాశం తక్కువ. కాబట్టి "కొన్నాళ్లు డ్యాన్స్ మానిపించండి" అని తల్లితో చెప్పి పంపేస్తారు. ఆ ఒక్క వాక్యాన్ని పక్కన కూర్చున్న పిల్ల "ఇక నాట్యం అయిపోయింది" అని అర్థం చేసుకుంటుంది. దీన్ని తప్పించడానికి గురువు ఒక కాగితం మీద నాలుగు వాక్యాలు రాసి పంపాలి: చెప్పులు లేకుండా రాతి నేల మీద ఆడతారని, మోకాళ్లు పక్కలకు వంచి అరమండిలో ఉంటారని, పాదం మొత్తం నేలకు కొడతారని, వారానికి ఎన్ని గంటలు సాధన అని. డాక్టరును "ఎన్నాళ్లు?" అని ఒక్కటే అడిగి ఊరుకోకుండా "కూర్చుని ఏం చేయవచ్చు, నిలబడి ఏం చేయవచ్చు, ఏది అసలే వద్దు?" అని విడదీసి అడగండి. వెళ్లే ముందు రాత్రి పిల్ల చేతనే మూడు ప్రశ్నలు సొంత దస్తూరిలో రాయించి, గదిలో ఆమె చేతనే చదివించండి.

పదేళ్లకూ పద్నాలుగేళ్లకూ మధ్య ఎముకలు వేగంగా పొడవు పెరుగుతాయి. కండరాలూ, వాటిని ఎముకకు కలిపే స్నాయువులూ ఆ వేగాన్ని అందుకోలేక మోకాలి కింద, మడమ వెనుక నొప్పులు వస్తాయి. ఇది పెరిగే వయసు మీద సాధన భారం పడడం వల్ల వచ్చిన నొప్పి అని డాక్టరు నోటితో వింటే, "నాలోనే ఏదో లోపం ఉన్నది" అన్న శంక పిల్లకు వదులుతుంది.

నల్లగొండ జిల్లాలో దీనికి ఇంకో ముడి ఉన్నది. మునుగోడు, మర్రిగూడ వైపు కుటుంబాల్లో ఫ్లోరైడ్ నీళ్లు తాగి నడుము వంగిపోయిన, కాళ్లు వంకరపోయిన పెద్దలను చూస్తూ పిల్లలు పెరిగారు. ఇప్పుడు మిషన్ భగీరథ నీళ్లు ఇంటికి వస్తున్నా తాత కాళ్లు కళ్ల ముందే ఉన్నాయి. అటువంటి ఇంటి పిల్లకు ఎముక గాయమైతే "నావి కూడా తాత ఎముకలే" అన్న భయం లోపల మెదులుతుంది, బయటికి చెప్పదు. అడగకుండానే ఆ భయం ఉన్నదనుకుని, ఆ ప్రశ్నను కూడా డాక్టరు ముందు పెట్టించండి.

మూడో మెట్టు: మొదటి రెండు వారాల దుఃఖం

ఇంట్లో "మా డ్యాన్సర్" అని పిలిపించుకున్న పిల్ల, చుట్టాలు వచ్చినప్పుడల్లా "ఏదీ, ఒక అడుగు వేసి చూపించు" అనిపించుకున్న పిల్ల, ఇప్పుడు కాలికి పట్టీతో మంచం మీద కూర్చుంటే పోయినది సాధన ఒక్కటే కాదు, ఇంట్లో తన పేరు కూడా పోయినట్టుంటుంది. అందుకే చిన్న విషయానికే కోపం, తమ్ముడి మీద అరవడం, స్నేహితురాలు ఫోన్ చేస్తే మాట్లాడకపోవడం, ఉన్నట్టుండి కళ్లనీళ్లు పెట్టుకోవడం వంటివి కనిపిస్తాయి. ఇవి ఒక వరుసలో వచ్చి పోయేవి కావు. ఉదయం నవ్విన పిల్ల సాయంత్రం తలుపు వేసుకోవచ్చు. ఈ రెండు వారాల్లో పెద్దల పని చాలా తక్కువ, కానీ చేయడం కష్టం: వినాలి, సర్ది చెప్పకూడదు. "ప్రోగ్రాం పోయినందుకు బాధగా ఉన్నది కదా" అని ఒక్క మాట అని ఊరుకోండి. ఆమె ఏడిస్తే ఏడవనివ్వండి. మొదటి మూడు నాలుగు రోజులు తరగతికి రానంటే బలవంతం చేయకండి, కానీ గురువు ఇంటికి వెళ్లి పలకరించి రావాలి.

ధైర్యం చెప్పాలనుకునేవాళ్లందరూ ఈ సమయంలో నర్తకి సుధా చంద్రన్ కథ ఎత్తుకుంటారు. 1981లో బస్సు ప్రమాదంలో కాలు పోగొట్టుకుని, జైపూర్ కాలితో మళ్లీ వేదిక ఎక్కిన ఆమె పట్టుదల గొప్పదే, సందేహం లేదు. కానీ చీలమండ బెణికిన పన్నెండేళ్ల పిల్లకు మొదటి వారంలోనే ఆ కథ చెబితే ఆమె వినేది ఒక్కటే: "ఆమెకు కాలే పోయింది, నీకేమైందని ఏడుస్తున్నవ్?" ఆ కథను రెండు నెలలు దాచుకోండి. "మా కాలంలో అరికాలు చీరుకుపోయినా ఆడినం" అనే మన సొంత కథలనైతే ఎప్పటికీ దాచుకోవడమే మంచిది. పిల్లలు నొప్పిని దాచడం నేర్చుకునేది వాటి నుంచే.

మగపిల్లల గురించి ఒక మాట. ఆచార్య నటరాజ రామకృష్ణ పునరుద్ధరించిన పేరిణి వీరుల నాట్యంగా పేరుపడింది, పాదఘాతాలతో నిండి ఉంటుంది. దాన్ని నేర్చుకునే అబ్బాయికి నొప్పి అని చెప్పడమే నామోషీ. వాడు ఏడవడు, నవ్వుతూ కుంటుతాడు. ఎదురుగా కూర్చోబెట్టి అడిగితే చెప్పడు. పక్కపక్కన నడుస్తున్నప్పుడో, బస్సులో కిటికీ వైపు చూస్తున్నప్పుడో చెబుతాడు. ఫిజియోథెరపీకి హైదరాబాద్ పోయి రావలసిన కుటుంబాలకు ఆ ప్రయాణమే మంచి సందర్భం. అమ్మాయిలైతే 2023 డిసెంబర్ నుంచి ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో తల్లితో పాటు ఛార్జీ లేకుండానే వెళ్లి రావచ్చు. ఆ రెండు మూడు గంటలు ఫోన్ సంచిలో పెట్టండి.

నాలుగో మెట్టు: తరగతిలో ఆమెకు చోటు, ఆ చోటుకు పని

అసలు శ్రద్ధ పెట్టవలసిన మెట్టు ఇదే. గాయపడిన పిల్లను తరగతికి రప్పించి, గోడ దగ్గర, చెప్పులు విడిచే మూలన కుర్చీ వేసి "చూస్తూ కూర్చో" అనడం కంటే ఇంట్లో ఉంచడమే నయం. తోటివాళ్లు ఆడుతుంటే ఊరికే చూస్తూ గంటసేపు కూర్చోవడం శిక్ష లాంటిది. ఆమె కుర్చీ నట్టువాంగం చెప్పేవారి (తాళం వేస్తూ ఆట నడిపేవారి) పక్కన ఉండాలి, కాలు చాపుకోవడానికి ఎదురుగా ఒక పీట ఉండాలి, చేతిలో పని ఉండాలి.

ఏ పని? చెక్క మీద కర్రతో తాళం వేయడం మొదటిది. ఆడుతున్నప్పుడు తాళం కాలిలో ఉంటుంది గనుక చాలామంది పిల్లలకు జతి (తాళానికి పలికే మాటల వరుస) నోటికి రాదు; ఈ వారాల్లో జతులను నోటితో స్పష్టంగా చెప్పడం నేర్పితే, తిరిగి వచ్చాక ఆమె అడుగుకు పదును వస్తుంది. ఇక అసంయుత హస్తాలు (ఒంటి చేతి ముద్రలు) 28, శిరోభేదాలు (తల కదలికలు) 9, దృష్టిభేదాలు (చూపులు) 8, గ్రీవాభేదాలు (మెడ కదలికలు) 4. వీటన్నిటికీ కాలితో పని లేదు, శ్లోకం చెబుతూ అద్దం ముందు కూర్చుని చేయవచ్చు. మామూలు రోజుల్లో పిల్లలు వీటిని తొందరగా ముగించి అడుగుల మీదికి దూకుతారు. పూర్వం పెద్ద నర్తకీమణులు పదాలనే అభినయపు పాటలను కూర్చునే అభినయించేవారని చెప్పండి. అప్పుడు కూర్చోవడం తక్కువతనం కాదని ఆమెకు తెలుస్తుంది. పిల్లల వయసుకు తగిన లాలిపాటో, బాలకృష్ణుడి అల్లరో ఒకటి ఎంచుకుని, కూర్చుని చేసే అభినయాన్ని నేర్పి, నెల తిరగకముందే తరగతి ముందర చేయించండి.

మనసులో సాధన మరొకటి. శరీరం కదలకపోయినా, కదలికను గట్టిగా ఊహించుకున్నప్పుడు మెదడులో ఆ కదలికను నడిపే భాగాలు చాలావరకు పని చేస్తాయి. అందుకే క్రీడాకారులకు కూడా గాయాల కాలంలో దీన్ని నేర్పుతారు. కళ్లు మూసుకుని, పాట అసలు వేగంలోనే వినిపిస్తూ, తనను తాను దూరం నుంచి బొమ్మలా చూసుకోకుండా, తన కళ్లలోంచే వేదికను చూస్తున్నట్టు, అరికాలి కింద బండ చల్లదనం తగులుతున్నట్టు ఊహించుకోమనండి. ఐదు నుంచి పది నిమిషాలు చాలు. ఊహలో పడిపోతున్నట్టు కనిపిస్తే అక్కడే ఆపి, రెండు ఆవర్తాలు (తాళం చుట్లు) వెనక్కి వెళ్లి నెమ్మదిగా మళ్లీ నడిపించాలి. చిన్నపిల్లలకు కళ్లు మూసుకుని కూర్చోవడం కుదరదు. మా తరగతిలో ఒక తొమ్మిదేళ్ల పిల్ల దీనికి దారి తానే కనిపెట్టింది: చూపుడు వేలినీ నడిమి వేలినీ రెండు కాళ్లుగా చేసి, ఎడమ అరచేతిని వేదికగా చేసి, పెదవులు కదుపుతూ తట్టడుగు వేసేది. కుడి వేలు తప్పితే తల అడ్డంగా ఊపి మొదటి నుంచి మొదలుపెట్టేది. ఆ తర్వాత ఆ వయసు పిల్లలందరికీ అదే నేర్పుతున్నాను.

తోటి పిల్లలతో కూడా ముందే మాట్లాడాలి. "అయ్యో పాపం" అనడం గానీ, "నీకు మంచిగుంది, కూర్చుంటే సరిపోతది" అనడం గానీ చేయవద్దని, తప్పు సరిదిద్దమని ఆమెను అడగవచ్చని చెప్పండి. ఒక పరిమితి మాత్రం ఉన్నది: ఆమెను చిన్న పంతులమ్మను చేసి అందరి మీద పెత్తనం ఇచ్చేస్తే స్నేహాలు చెడతాయి.

ఐదో మెట్టు: ఇల్లు, తిండి, ఫోన్, పండుగ

"ఊకె కూర్చుని లావైతున్నవ్" అనే మాట గాయపడిన అమ్మాయి తిండి మానడానికి నేరుగా దారి తీస్తుంది. అతుక్కునే ఎముకకు తిండి కావాలి: జొన్నరొట్టె, పప్పు, గుడ్డు, పెరుగు, నువ్వులు, ఇంట్లో ఉండేవే. కంచంలో అన్నం అటూ ఇటూ కదిపి లేచిపోతున్నా, మొదలైన నెలసరి మూడు నెలలు రాకపోయినా డాక్టరుకు చెప్పాలి. చాలీచాలని తిండితో సాధన చేసే అమ్మాయిల ఎముకలు బలహీనపడి పగుళ్లు వస్తాయి, అంటే గాయానికి మూలమే అక్కడ ఉండవచ్చు. నిద్ర పదమూడేళ్లు దాటినవారికి 8 నుంచి 10 గంటలు, అంతకన్నా చిన్నవారికి ఇంకా ఎక్కువ. రాత్రి పన్నెండింటి దాకా తోటివాళ్ల రిహార్సల్ వీడియోలు తిప్పి తిప్పి చూడడం నిద్రనూ మనసునూ రెండింటినీ చెరుపుతుంది. గ్రూపు నుంచి ఆమెను తీసేయకండి, అది వెలివేసినట్టుంటుంది. ఫోన్ రాత్రి తొమ్మిదికి హాల్లోకి వచ్చేట్టు చూడండి.

బతుకమ్మ రోజులు గాయపడిన ఆడపిల్లకు గడ్డుకాలం. తొమ్మిది రోజులు వాడంతా వంగి లేస్తూ చప్పట్లతో చుట్టూ తిరుగుతుంటే తాను అరుగు మీద కూర్చోవాలి. ముందుగానే ఆమెకు తంగేడు, గునుగు పూలు పేర్చే పని అప్పజెప్పండి, పాట ఎత్తుకుని చెప్పే వంతు ఇవ్వండి. మిగతావాళ్లు అందుకునే పాట ఆమె నోటి నుంచి మొదలైతే ఆమె ఆటకు బయట ఉన్నట్టు ఉండదు.

ఆరో మెట్టు: తప్పిపోయిన ప్రదర్శన

ఆమె ఆడలేకపోతుందని తేలిన రోజే ఆమెకు చెప్పాలి, అందరికంటే ముందు ఆమెకే చెప్పాలి. "చూద్దాం, చూద్దాం" అంటూ చివరి వారం దాకా లాగడం దయలా కనిపిస్తుంది గానీ దాని వల్ల పిల్ల నొప్పి తగ్గిందని అబద్ధం చెప్పడం మొదలుపెడుతుంది. ఆమె పాత్ర మరొకరికి ఇస్తున్నప్పుడు నేర్పడంలో సాయం చేస్తావా అని అడగండి, వద్దంటే అంతటితో వదిలేయండి. ఆమె కొలతలకు కుట్టించిన పట్టు దుస్తులు అడగకుండా మరో పిల్లకు తొడిగించవద్దు. ఇది మరీ చిన్న సంగతి అనిపిస్తుంది, కానీ ఏళ్ల తర్వాత కూడా పిల్లలు గుర్తుపెట్టుకుని చెప్పేది దీన్నే. గజ్జెపూజ వాయిదా పడితే కొత్త తేదీ నిర్ణయించకండి. పూర్తిగా కోలుకుని నెల రోజులు సాధన చేశాకే తేదీ గురించి మాట్లాడదామని చెప్పండి.

ఏడో మెట్టు: తిరిగి ఆడడం, మళ్లీ దెబ్బ తగులుతుందన్న భయం

డాక్టరు సరేనన్న రోజుకు కాలు సిద్ధంగా ఉన్నా మనసు సిద్ధంగా ఉండకపోవచ్చు. భయం ఉన్న పిల్ల బరువంతా మంచి కాలి మీద మోపుతుంది, అప్పుడు ఆ కాలికి దెబ్బ తగులుతుంది. ముందుగా నొప్పికి ఇద్దరికీ తెలిసిన భాష కావాలి. సున్నా నుంచి పది దాకా అంకెలు పెద్దవాళ్లకు బాగుంటాయి. మా పిల్లలకు నేను చీమ, తేనెటీగ, తేలు అని మూడు పేర్లు పెట్టాను. చీమ అయితే ఆడవచ్చు, తేనెటీగ అయితే ఆ అడుగు ఆపి కూర్చోవాలి, తేలు అయితే ఆ రోజుకు తరగతి ముగిసినట్టే, ఇంటికి ఫోన్ చేయాలి.

ఆ తర్వాత వైద్యుల సలహాతో మెట్లు: చాప మీద చేతులతో మాత్రమే, మొదటి కాలంలో కాలు కొట్టకుండా అడుగులు, సగం అరమండి, బండ మీద కాలు కొట్టడం, రెండో కాలం, గిరకలు, దూకుళ్లు, మూడో కాలం, కూచిపూడి తరంగంలో పళ్లెం అంచు మీద నిలబడడం అన్నిటికంటే చివర. ప్రతి మెట్టు ముందూ "ఇది చేయగలనని నీకు పదికి ఎంత నమ్మకం?" అని అడగండి. ఏడు కంటే తక్కువ చెబితే పాత మెట్టు మీదే ఇంకో రెండు రోజులు ఉండండి. మర్నాడు పొద్దున నొప్పి పెరిగితే ఒక మెట్టు దిగండి, దిగడం ఓటమి కాదని ముందు రోజే చెప్పి ఉంచండి.

గజ్జెలు కట్టించడంలో తొందర వద్దు. వాటి బరువు సంగతి అటుంచితే, గజ్జె కట్టిన కాలు అందరికీ వినబడుతుంది. ఎడమ అడుగు బలహీనంగా పడితే ఆ తేడా గదంతా తెలిసిపోతుందని పిల్ల సిగ్గుపడి బలం ఎక్కువ పెట్టి కొడుతుంది. తరగతికి అరగంట ముందు రప్పించి, గురువు ఒక్కరే ఉన్నప్పుడు మొదటిసారి కట్టించండి.

భయం లేని పిల్లలతో ప్రమాదం ఎక్కువ. "పూర్తిగా తగ్గింది మేడం" అని రెండో రోజే అంటుంటే, నోటి మాట కంటే మెట్లు దిగేటప్పుడు ఆమె ఏ కాలు ముందు వేస్తున్నదో చూడండి.

బయటి సాయం ఎప్పుడు తీసుకోవాలి

రెండు వారాలు దాటినా రోజులో ఎక్కువ భాగం దిగులుగానే ఉంటే, నిద్ర, ఆకలి, చదువు మూడూ దెబ్బతింటే మానసిక వైద్యులను కలవాలి. నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రభుత్వ వైద్య కళాశాలల ఆసుపత్రుల్లో అడగవచ్చు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ సేవ టెలిమానస్ 14416 నంబరుకు ఏ వేళ ఫోన్ చేసినా ఉచితంగా తెలుగులో మాట్లాడతారు. "నేను ఉండి ఏం లాభం" అనే మాట ఒక్కసారి వినిపించినా రెండు వారాలు ఆగకండి, ఆ రోజే ఫోన్ చేయండి, పిల్లను ఒంటరిగా వదలకండి.

దిగులు బదులు ఊరట కనిపిస్తే దాన్నీ తేలికగా తీసుకోకండి. గాయం తగ్గుతున్నకొద్దీ కొత్త నొప్పులు చెబుతున్న పిల్లకు నాట్యమే ఇష్టం లేకపోవచ్చు, తల్లి కోరిక కోసం ఆడుతుండవచ్చు, తరగతిలో ఎవరైనా కొడుతుండవచ్చు, అంతకంటే చెడ్డది కూడా జరుగుతుండవచ్చు. "నాట్యం మానేయాలని ఉంటే చెప్పు, ఎవరూ ఏమీ అనరు" అని తల్లీ తండ్రీ ఇద్దరూ కలిసి చెప్పి చూడండి. ఎవరైనా హింసిస్తున్నారని తెలిస్తే పిల్లల సహాయ నంబరు 1098.

తిరిగి వచ్చిన మూడు నెలల దాకా వారానికోసారి విడిగా పలకరించండి. అందరూ మరిచిపోయాకే పిల్లలకు పాత భయం గుర్తొస్తుంది. వరుసలో ఆమె పాత చోటు ఆమెకే ఉంచండి. మొన్న మా తరగతిలో రెండో కాలం నడుస్తుండగా ముందు వరుసలోని ఒక అమ్మాయి చేయి ఎత్తి, "మేడం, తేనెటీగ" అని, ఎవరి వైపూ చూడకుండా వచ్చి నా పక్కన పీట మీద కాలు చాపుకుని కూర్చున్నది. నేను కర్ర ఆమె చేతికిచ్చాను, తాళం ఆగలేదు.